మా పెరట్లో విస్టీరియా, మా నాయిన కత్తెర

2022 ఎండాకాలంలో నార్త్ కరోలినాలోని క్యారీలో ఇల్లు కొన్నప్పుడు, మా ఏజెంటు ఇంటి గురించి చెప్పిందానికన్నా పెరట్లో తీగ గురించి చెప్పిందే ఎక్కువ. "ఇది విస్టీరియా, ఏప్రిల్లో చూడండి, పెర్గోలా అంతా ఊదారంగు పూలే" అంది. పెర్గోలా అంటే ఏం లేదండీ, మన పందిరే. కర్రలకి రంగేసి ఇటాలియన్ పేరు తగిలించారంతే. ముప్పై ఏళ్ళ లోను కాగితాల మీద సంతకాలు పెట్టే హడావుడిలో నేను పెద్దగా పట్టించుకోలేదు. మా ఆవిడ మాత్రం అప్పటికే ఆ పందిరి కింద ఫొటోలు ఊహించేసుకుంది.

ఆ చలికాలం ఆకులన్నీ రాలాక చూస్తే పందిరి మీద తీగలు పిచ్చుక గూడులా చిక్కుపడి ఉన్నాయి. మన వృత్తి రోగం ఊరుకోదు కదా, చిందరవందరగా ఉన్నదేదైనా సర్దేయాలి. పక్కింటాయన దగ్గర కరెంటు కత్తెర అప్పు తెచ్చి, పైన కనపడ్డదంతా సమానంగా గొరిగేశాను. పాత కోడ్ అర్థం చేసుకోకుండా డిలీట్ చేసి, కంపైల్ అయింది కదా అని ఇంటికెళ్ళిపోయే బాపతు పని అది. విస్టీరియా వచ్చే వసంతంలో పూయాల్సిన మొగ్గల్ని అంతకుముందు ఎండాకాలంలోనే పాత కొమ్మల మీద తయారుచేసి పెట్టుకుంటుందట. నేను గొరిగింది సరిగ్గా వాటినే. ఏప్రిల్ 2023లో వీధిలో మిగతా తీగలన్నీ పూశాయి, మాది తప్ప.

తిండి సరిపోలేదేమో అనుకుని, గడ్డికి వేసే ఎరువు బస్తా మిగిలి ఉంటే దాని మొదట్లో పోశాను. ఇహ చూడండి, ఆ జూలైలో దాని వీరవిహారం! వారం రోజులు రిలీజ్ పనిలో పడి పెరట్లోకి వెళ్ళకపోతే, ఒక తీగ వాననీటి గొట్టం చుట్టూ మెలితిరిగి దాన్ని గోడ నుంచి ఊడబెరికింది. ఇంకొకటి పక్కింటి కంచె దాటి వాళ్ళ గులాబీల మీద పడింది. ఆకులు బ్రహ్మాండం, పూలు సున్నా. 2024 ఏప్రిల్లో నాలుగంటే నాలుగు గుత్తులు వచ్చాయి, అవీ నిచ్చెనెక్కితే గానీ కనపడని చోట. మే నెలలో కాలనీ అసోసియేషన్ నుంచి ఉత్తరం: పక్కవారి కంచెకి నష్టం కలుగుతోంది, ముప్పై రోజుల్లో సరిచేయండి. దాన్ని వేళ్ళతో సహా తవ్వి తీయడానికి ఒకతను 1,400 డాలర్లు అడిగాడు. సరే అనేశాను కూడా. జూన్ మూడో వారం రమ్మన్నాను.

జూన్ మొదటివారంలో అమ్మా నాయినా వచ్చారు, అమెరికాకి మొదటిసారి.

మా నాయిన గురించి చెప్పాలి. మాది మేడ్చల్ వైపు. నేను ఇంజనీరింగ్ అయ్యేదాకా మాకు మూడెకరాల ద్రాక్షతోట ఉండేది. హైదరాబాద్ చుట్టుపక్కల ద్రాక్షతోటలంటే ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీకి పేరు. తర్వాత చాలామందిలాగే మేమూ థామ్సన్ సీడ్‌లెస్‌కి మారాం. 2018లో తోట అమ్మాం. సగం అక్క పెళ్ళికి, సగం నా ఎమ్మెస్‌కి. ఎందుకమ్ముతున్నావంటే "బోర్లు ఎండిపోయినయ్‌రా, ఇగ అది నడవదు" అన్నాడు. నేనూ నమ్మాను. నమ్మడం నాకు చాలా సౌకర్యంగా ఉండింది అనాలి, నిజానికి. అప్పుడు నా బుర్ర నిండా వీసా ఇంటర్వ్యూ తప్ప ఇంకేం లేదు.

జెట్‌లాగ్ వల్ల తెల్లవారుజామున నాలుగింటికే లేచి పెరట్లో తిరుగుతున్నాడు. నేను కాఫీ పట్టుకెళ్ళేసరికి తీగ మొదట్లో గొంతుక్కూర్చుని, బెరడు మీద చెయ్యేసి చూస్తున్నాడు.

"ఏం చెట్టురా గిది? ఎవడు కోసిండు గిట్ల?"

నేనే అన్నాను. ఎరువు సంగతి కూడా చెప్పాను. గుత్తుల నుంచి వేలాడుతున్న రెండు లేత కాయల్ని చూపించి, "గిది చిక్కుడు జాతి కాదుర? కంది చేన్ల యూరియా ఎవడన్న పోస్తడా?" అన్నాడు.

విస్టీరియా నిజంగానే చిక్కుడు, కంది, శంఖుపుష్పం వాటి కుటుంబానిదే. నత్రజనిని వేళ్ళ బుడిపెల్లో అదే సమకూర్చుకుంటుంది. పైనుంచి మనం ఇంకా పోస్తే పూయడం మానేసి ఆకులేస్తూ కూర్చుంటుంది. నాకీ విషయం నాలుగు వెబ్‌సైట్లు చదివితే తెలిసింది, ఆయనకి ఒక కాయ చూస్తే తెలిసింది. (ఆ కాయలు చూసి మా అమ్మ "కూర వండుదామా" అంది. బాబోయ్! గింజలూ కాయలూ విషం, తింటే వాంతులు పట్టుకుంటాయి. పిల్లలున్న ఇళ్ళలో ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి.)

తవ్వే మనిషిని రమ్మన్నానని చెప్తే నాయిన ఏమీ అనలేదు. కాఫీ తాగి గ్లాసు పక్కన పెట్టి, "ఒక్క ఏడాది ఆగరాదు" అన్నాడు. ఆయన నన్నేదైనా అడగడం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి. నేను ఆ మనిషికి ఫోన్ చేసి వద్దన్నాను.

కత్తిరించే పద్ధతి చదివి వినిపించాను. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ చెప్పేది ఇది: ఏడాదికి రెండుసార్లు. జూలై, ఆగస్టుల్లో ఆ ఏడాది వచ్చిన పొడుగాటి లేత తీగల్ని ఐదారు ఆకులు ఉంచి కోయాలి. మళ్ళీ జనవరి, ఫిబ్రవరుల్లో అవే కొమ్మల్ని రెండు మూడు మొగ్గలకి తగ్గించాలి. అంతే. నాయిన నవ్వి, "ద్రాక్షకు గదే కదరా, ఏప్రిల్ల ఒకటి, అక్టోబర్ల ఒకటి" అన్నాడు. మాకు ఏప్రిల్ కోత కొమ్మ కోసం, అక్టోబర్ కోత కాయ కోసం. రెండు కోతలూ నేను చిన్నప్పుడు చూసినవే. చూశానంటే, గట్టు మీద కూర్చుని ఫోన్లో పాము ఆట ఆడుకుంటూ చూశాను :)

జూలైలో ఒక శనివారం మొదలుపెట్టాం. ముందు ఆ తీగ ఎటు చుట్టుకుందో చూశాడు. గడియారం ముల్లుకి ఎదురు తిరిగితే చైనాది, ముల్లుతో పాటు తిరిగితే జపాన్‌ది. మాది చైనాది. 1816లో ఈ దేశానికి వచ్చిందట. తోటల కోసం తెచ్చిన మొక్క ఇప్పుడు ఇక్కడి అడవుల్లో చెట్లెక్కి వాటి గొంతు పిసుకుతోంది. అన్నట్టు, కొత్తగా నాటుకునేవాళ్ళు దయచేసి ఈ చైనా, జపాన్ రకాల జోలికి పోకండి. అమెరికాదే ఒక రకం ఉంది, గుత్తులు పొట్టి, పొగరు తక్కువ. కాలనీ ఉత్తరాలు రావు. గింజ నాటితే మాత్రం పూత చూడ్డానికి పది, పదిహేనేళ్ళు కూడా పట్టొచ్చు, అంటు మొక్కే తెచ్చుకోండి.

రెండు గంటలు నాయిన ఒక్క మాట మాట్లాడలేదు. కత్తెర చప్పుడు తప్ప ఏం లేదు. ఆకులు లెక్కపెట్టడం కూడా లేదు, చెయ్యి దానంతట అదే ఆగాల్సిన కణుపు దగ్గర ఆగుతోంది. నేను కింద తీగలు ఏరుతూ వంటింటి కిటికీ దగ్గరికొస్తే, అమ్మ లోపలినుంచి మెల్లగా, "ఆరేండ్లాయె కత్తెర పట్టక" అంది.

"బోర్లు ఎండకపోతే ఇంకా పట్టేవాడే కదమ్మా" అన్నాను ఏదో మాటవరసకి.

"ఏ బోరు ఎండింది? ఒకటి పోస్తనే ఉండె" అంది అమ్మ. తర్వాత చెప్పిందంతా చాలా మామూలుగా, బెండకాయలు కోస్తూ చెప్పింది. కొన్నవాళ్ళు సోమవారం జేసీబీ తెస్తామన్నారట. శనివారం, ఆదివారం నాయిన ఒక్కడే గొడ్డలి పట్టుకుని మూడెకరాల తీగలూ మొదలంటా నరికాడట. ఎవడో తెల్వనోడు పీకుడెందుకు అన్నాడట. ఆ ఆదివారం నేనెక్కడున్నానో నాకు బాగా గుర్తుంది. మాక్ ఇంటర్వ్యూ క్లాసులో, అమీర్‌పేటలో.

బయటికొచ్చాను. అడుగుదామనుకున్నాను. ఏమని అడగాలి? నాయిన నిచ్చెన దిగి కత్తెర నా చేతిలో పెట్టి, "మిగిలింది నువ్వు కొయ్యి, నేను పోయినంక ఎవరు కోస్తరు" అన్నాడు. ఇండియాకి పోయాక అనే ఆయన ఉద్దేశం. నేను నిచ్చెనెక్కి కోయడం మొదలుపెట్టాను. మూడో కొమ్మకే "అరె, కణుపు మీదికెళ్ళి కోస్తవేంది, జర పైకి" అని తిట్టాడు. ఆ రోజు మేం మాట్లాడుకున్నదంతా అంతే.

డిసెంబర్లో వాళ్ళు వెళ్ళిపోయారు. ఫిబ్రవరి కోత వీడియో కాల్‌లో జరిగింది. నాకు శనివారం పొద్దున, ఆయనకి రాత్రి. ఒక్కో కొమ్మకీ కెమెరా దగ్గరపెట్టి చూపించాలి. "లావుగున్నది పువ్వు మొగ్గ, దాన్ని ముట్టకు. బక్కగ అంటుకోనున్నది ఆకు. ద్రాక్షల గిట్ల పైకెళ్ళి కనవడదు, దీంట్ల మంచిగ కనవడ్తది" అని ఆయనకి భలే సంబరం. గంటన్నర పట్టింది. ఫోన్ పట్టుకున్న చెయ్యి గడ్డకట్టుకుపోయింది, అయినా పెట్టెయ్యమని నేననలేదు, ఆయనా అనలేదు.

2025 ఏప్రిల్ మొదటివారం ఆకుల కంటే ముందే పూత వచ్చింది. ముప్పై ఏడు గుత్తులు. మా ఆవిడ లెక్కపెట్టింది. పందిరి నిండలేదు, ఒక మూల మాత్రమే. కానీ పక్కింటాయన కంచె మీదుగా తొంగిచూసి ఫొటో తీసుకున్నాడు, గులాబీల సంగతి ఎత్తకుండా.

నాయినకి ఫోన్ చేసి చూపించాను. అమ్మ అబ్బురంగా ఏదో అంటోంది. నాయిన కాసేపు చూశాడు.

"మంచిగున్నయ్. ఫోను కిందికి తిప్పు, మొదలు చూపియ్."

తిప్పాను.

"ఆ పిలక ఎందుకుంచినవ్?"

చూస్తే నిజమే, వేరు దగ్గర జానెడు పిలక ఒకటి లేచింది. ఫోను గోడకి ఆనించి, కత్తెర తేవడానికి గ్యారేజీలోకి వెళ్ళాను.