1979 బ్యాచ్ ఏమైంది?

హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో 1979లో ఎంబీఏ పూర్తిచేసి, తర్వాత అక్కడే ప్రొఫెసరైన క్లేటన్ క్రిస్టెన్‌సెన్ తన క్లాస్‌మేట్స్ గురించి 2010లో రాశారు. ఏళ్లు గడిచేకొద్దీ రీయూనియన్లకు దిగులుగా వచ్చేవాళ్లు ఎక్కువయ్యారట. విడాకులు, దూరమైన పిల్లలు. ఎన్రాన్ మోసం కేసులో జైలుకెళ్లిన జెఫ్రీ స్కిల్లింగ్ కూడా ఆ బ్యాచే. చదువులో వెనకబడినవాళ్లు కారండీ వీళ్లు! ఆఫీసు పనికి ఫలితం వెంటనే కనిపిస్తుంది, పిల్లల పెంపకానికి ఇరవై ఏళ్లు పడుతుంది. అందుకే ఓ అరగంట మిగిలితే ఆఫీసుకే ఇచ్చేశారంటారు ఆయన.

పీటీఎంలో మీరు మార్కులు అడుగుతారు. అడగాలి కూడా. ఈసారి వచ్చేముందు మాత్రం, మీ పాప లంచ్ ఎవరితో కూర్చుని తింటుందో తననే అడిగి రండి. నేను మిమ్మల్ని ముందు అదే అడుగుతాను.