పురుగుకు గట్టు తెలుసా?

రైతు ఇంట పుట్టినవాళ్లకు పురుగుమందు వాసనను కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. ఆశ్వయుజం వచ్చిందంటే మా గుంటూరు జిల్లా పల్లెల్లో పత్తి చేల మీదుగా వీచే గాలికి అదే వాసన. కానీ ఆ గాలిలో ఇంకో వాసన కూడా ఉంటుంది. అది మన ముక్కుకు అందదు, మగ రెక్కల పురుగు మీసానికి మాత్రమే అందుతుంది. ఆ రెండో వాసన గురించి నాలుగు మాటలు చెప్పాలని నా ప్రయత్నం. జువాలజీ మిత్రులకు తెలిసిన సంగతే కావచ్చు. ఆర్ట్స్ మిత్రులు కాస్త ఓపిక పట్టాలి!

చీకటి పడ్డాక ఆడ పురుగు ఒక పదార్థాన్ని గాలిలోకి వదులుతుంది. దాన్నే ఫెరోమోన్ అంటారు. మగది ఆ జాడ పట్టుకుని గాలికి ఎదురెగిరి ఆడదాన్ని చేరుతుంది. 1959లో జర్మన్ శాస్త్రజ్ఞుడు బ్యుటెనాంట్ మొట్టమొదటగా పట్టుపురుగు ఫెరోమోన్ నిర్మాణం తేల్చాడు. కొద్ది మిల్లీగ్రాముల కోసం సుమారు 5 లక్షల పురుగులు కావలసి వచ్చాయట! 1971లో అమెరికాలో రోలాఫ్స్ బృందం యాపిల్ కాయను తొలిచే కాడ్లింగ్ మాత్ విషయంలో వేరే దారి పట్టింది. మగ పురుగు మీసానికి సన్నని తీగలు తగిలించి, ఏ పదార్థం సోకితే అందులో విద్యుత్తు చలిస్తుందో చూశారు. అలా తేలిందే కోడ్లిమోన్. 12 కార్బన్ల ఆల్కహాలు, 8, 10 స్థానాల్లో ద్విబంధాలు. మనం పరీక్ష కోసం బట్టీపట్టే సిస్, ట్రాన్స్ గొడవంతా ఆ పురుగుకు పుట్టుకతోనే తెలుసన్న మాట.

ఈ కాడ్లింగ్ మాత్ పిల్ల పురుగు గుడ్డు పగలగానే కాయలోకి దూరిపోతుంది. దూరాక ఎంత మందు కొట్టినా దానికి తగలదు. అందుకని పుట్టాక చంపడం కాదు, పుట్టకుండా చూడడం మేలనుకున్నారు. ఫెరోమోన్ నింపిన సన్నని ప్లాస్టిక్ గొట్టాలను ఎకరానికి 400 దాకా, వసంతంలో పురుగులు ఎగరకముందే, చెట్ల పైకొమ్మలకు కట్టారు. తిరునాళ్లలో 400 మైకుల్లోంచి ఒకే గొంతు పిలుస్తుంటే మనిషిని ఎక్కడని వెతుకుతాం? మగ పురుగు గతీ అంతే. కొంతసేపు తప్పుడు జాడల వెంట తిరుగుతుంది, కొంతసేపటికి దాని మీసమే మొద్దుబారుతుంది. మన చేలల్లో పెట్టే లింగాకర్షక బుట్ట మగవాటిని పిలిచి పట్టుకుంటుంది. ఈ పద్ధతి పట్టుకోదు, చంపదు. జత కుదరనివ్వదు, అంతే.

సెలవులకు వెళ్లినప్పుడు ఇదంతా మా నాన్నకు చెప్పాను. ఆయన చదివింది ఐదో తరగతి. చుట్ట ఆర్పి ఒకటే అడిగారు: "అంతా బాగానే ఉందమ్మా, మన చేలో మనం కడతాం. మీ బాబాయి చేలో జతకట్టిన ఆడ పురుగు గట్టు దాటి వచ్చి మన చేలో గుడ్లు పెడితే ఏం చేస్తావు?"

నేను పుస్తకాలు తిరగేసి చూస్తే, ఆ యాపిల్ రైతులకు ఎదురైన చిక్కు కూడా సరిగ్గా అదే! చిన్న తోటల్లో, తోట అంచు వరసల్లో ఈ పద్ధతి సరిగా పనిచేయలేదు. గాలి వాసనను కొట్టుకుపోయేది, పక్క తోటలో కడుపైన ఆడ పురుగు నేరుగా వచ్చి గుడ్లు పెట్టేది. కనీసం పది ఎకరాలు ఒక్క చెక్కగా ఉండాలని అక్కడివాళ్లు లెక్క కట్టారు. పురుగు అప్పటికే విపరీతంగా ఉంటే ముందు మందుతో తగ్గించుకోక తప్పదనీ తెలుసుకున్నారు. 1995లో వాషింగ్టన్, ఒరెగన్, కాలిఫోర్నియా రాష్ట్రాల్లో ఊరుమ్మడి పద్ధతి మొదలుపెట్టారు. వాషింగ్టన్ రాష్ట్రంలో చెలాన్ దగ్గర హోవార్డ్ ఫ్లాట్ అనే చోట సుమారు 1200 ఎకరాల తోటల వాళ్లంతా ఒక్క మాట మీద నిలబడి గొట్టాలు కట్టారు. కాయకు నష్టం తగ్గింది, పురుగుమందు వాడకమూ బాగా తగ్గింది. కొత్త రసాయనమేమీ రాలేదు. మారింది రైతుల మధ్య మాటే.

మన పత్తిని పట్టి పీడించే గులాబి రంగు పురుగుదీ ఇదే కథ. అదీ కాయలో దాక్కుంటుంది. దాని ఫెరోమోన్‌ను 1973లో గుర్తించారు. మన దేశంలోనూ ఫెరోమోన్ నింపిన ముడులను పత్తి మొక్కలకు కట్టే పద్ధతి వచ్చింది. అమెరికాలో బీటీ పత్తి, గొడ్డు పురుగుల విడుదల, ఈ ఫెరోమోన్ అన్నీ కలిపి ఏళ్ల తరబడి ఉమ్మడిగా నడిపితే, 2018లో అక్కడి పత్తి ప్రాంతాల నుంచి ఆ పురుగు నిర్మూలన అయిందని ప్రకటించారు.

ఇక మా గట్టు సంగతి. మాది ఆరెకరాలు, పక్కనే బాబాయిది ఐదు. రెండు సాళ్ల వెడల్పు గట్టు కోసం అన్నదమ్ములిద్దరికీ ఆరేళ్లుగా మాటల్లేవు. కలిస్తే పదకొండెకరాలు, అంటే లెక్కకు సరిపోతుంది! ఇంట్లో చెప్పకుండా బాబాయి దగ్గరికి వెళ్లాను. పిన్ని మజ్జిగ ఇచ్చింది. బాబాయి అంతా విని, "మీ నాన్నను వచ్చి అడగమను, చూద్దాం" అన్నాడు. నాన్నకు చెబితే, "చిన్నవాడు వాడు, వాడే రావాలి" అన్నారు. ఇదీ పరిస్థితి.

మిత్రులారా! మనలో సగం మంది చేలు గట్లు దాటి వచ్చినవాళ్లమే. ఏ అణువులో ఎన్ని ద్విబంధాలున్నాయో కళాశాల మనకు నేర్పుతుంది. తెగిన బంధాలు కలిపే పని మాత్రం ఊరికి వెళ్లి మనమే చేసుకోవాలి. తొలకరి లోపల మా రచ్చబండ దగ్గర పెద్దల్ని కూర్చోబెట్టి మళ్లీ కదిలిస్తాను. పైరు గూడ వేసే వేళకల్లా ముడులు కట్టాలంటే అంతకంటే ఆలస్యం పనికిరాదు. పురుగుకు గట్టు తెలియదు. తెలిసిన మనమే దాన్ని దాటాలి.