పూటకూడు

కాలక్రమంలో గౌరవం కోల్పోయిన తెలుగు మాటలలో 'కూడు' ఒకటి. ప్రాచీన కావ్యాలలో అన్నానికి పర్యాయపదంగా నిలిచిన ఈ మాటను నేడు అతిథి ఎదుట పలికితే ఈసడింపుగా తోస్తుంది. ఆ మాట నుంచి పుట్టినదే 'పూటకూడు'. పూటకింత అని సొమ్ము పుచ్చుకొని బాటసారికి పెట్టే భోజనం పూటకూడు. అది దొరికే చోటు పూటకూళ్ళ ఇల్లు. హోటలు అనే మాట తెలుగునేలపై అడుగుపెట్టక పూర్వం, పరాయి ఊరిలో బంధువులు లేనివానికి దిక్కు ధర్మసత్రమో, పూటకూళ్ళ ఇల్లో. సత్రం కట్టించిన దాత పేరు రాతిపై చెక్కేవారు. అన్నం అమ్ముకొనే ఇంటికి అటువంటి భాగ్యం లేదు.

అయినా ఒక పూటకూళ్ళ ఇల్లు మన సాహిత్యంలో చిరస్థాయిగా నిలిచిపోయింది. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత 'ప్రేమాభిరామం' ఆధారంగా వెలసిన 'క్రీడాభిరామం' వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధం. అది శ్రీనాథుని రచన అన్న పండితులూ ఉన్నారు. ఆ వాదం ఇక్కడ అప్రస్తుతం. అందులో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. ఆ నగరంలో ఒక్క రూకకు దొరికే భోజనాన్ని కవి ఒక పద్యంలో వడ్డించాడు. సన్నబియ్యపు అన్నం, గోధుమలతో చేసిన పిండివంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు! చదువుతుంటేనే ఆకలి వేసే పద్యమది. 1949లో వెలువడిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో సురవరం ప్రతాపరెడ్డి గారు ఆనాటి జీవనానికి ఇటువంటి పద్యాలనే సాక్ష్యంగా నిలిపారు. అయితే ఆ పద్యంలో గృహయజమాని పేరున్నది గాని, పొయ్యి ముందు కూర్చున్న ఇల్లాలి ఊసు లేదు.

ఇంచుమించు ఐదు శతాబ్దాల తరువాత ఆమె రంగస్థలంపైకి వచ్చింది. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించిన గురజాడ అప్పారావు గారి 'కన్యాశుల్కం'లో ఆమె చీపురుకట్టతో ప్రవేశిస్తుంది. ఆమె వితంతువు. ఆమె పెట్టిన అన్నం తిని, ఆమె సొమ్మునే కాజేసినవాడు గిరీశం. ప్రేక్షకులు ఆ సన్నివేశానికి విరగబడి నవ్వుతారు, నవ్వవలసినదే. కాని భర్త పోయిన స్త్రీకి గౌరవంగా బ్రతికే దారులు మూసుకుపోయిన ఆ రోజులలో, తన కష్టంతో తానే పొట్టపోసుకున్న ఆమెకు అందరూ పెట్టిన పేరు పూటకూళ్ళమ్మ. వృత్తే ఆమెకు పేరయింది.

ఆ విజయనగరానికి పడమటి దిక్కున తూర్పు కనుమలు ఆరంభమవుతాయి. కొండలెక్కి అరకులోయ దాటితే డుంబ్రిగుడ వస్తుంది. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని మండల కేంద్రమిది. ఈ మండలంలోని చాపరాయి వద్ద పేరుకు తగినట్లే చాప పరచినంత విశాలమైన బండపై నుంచి సెలయేరు జారుతుంది. చూడవచ్చిన వారికి ఇక్కడి గిరిజన కుటుంబాలు సొమ్ముకు భోజనం వండిపెడతాయి. గోడలు లేవు, పీటలు లేవు. అయినా ఇది పూటకూళ్ళ ఇల్లే.

ఇక్కడి ప్రసిద్ధ వంటకం బొంగులో కోడి. వెదురు పచ్చిదై ఉండాలి, ఎండినదైతే కూర ఉడకకముందే తానే కాలిపోతుంది. ఒకవైపు కణుపు మూసి ఉండేటట్లు బొంగును నరుకుతారు. కోడిమాంసం ముక్కలకు ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి అందులో కూరి, మూతిని ఆకులతో బిగిస్తారు. నూనె వేయరు, నీళ్ళు పోయరు. నిప్పులపై బొంగు వేడెక్కుతుంటే పచ్చి వెదురులోని తేమ, మాంసంలోని రసం కలిసి ముక్కను ఉడికిస్తాయి. బొంగు పైభాగం నల్లబడుతుంది. ఒకేవైపు మాడిపోకుండా దానిని తిప్పుతూ ఉండాలి. ఎప్పుడు తిప్పాలో, ఎప్పుడు దించాలో చెప్పే గడియారం ఏదీ లేదు; వాసననుబట్టి తెలుసుకోవలసినదే. ఇది సామాన్యమైన విద్య కాదు.

వడ్డన అడ్డాకులో. కొండల్లో పెరిగే అడ్డతీగ ఆకులను కుట్టిన విస్తళ్ళు తరతరాలుగా మైదానాల పెళ్ళిపందిళ్ళకు వెళ్ళాయి. అంటే ఈ కొండలను కన్నెత్తి చూడని వారు కూడా ఈ కొండల ఆకులోనే భోంచేశారు.

ఇప్పుడు నగరాల హోటళ్ళలోనూ ఈ వంటకం దొరుకుతున్నది. అక్కడ పట్టికలో అచ్చువేసిన ధరను మారుమాట లేకుండా చెల్లించేవారే, ఇక్కడికి వచ్చి పొగలో కళ్ళు నలుపుకొంటున్న స్త్రీతో పది రూపాయలకు బేరమాడుతారు. వెదురు అడవిలో ఊరకే దొరుకుతుంది కదా అని వారి తర్కం. దానిని నరికి మోసుకొచ్చిన శ్రమను, ఆ చేతినేర్పును వారు లెక్కలోకి తీసుకోరు. ఇది న్యాయమనిపించుకోదు.

ఆమె ఆ బేరాన్ని ఓపికగా వింటుంది. పక్కనున్న పిల్లతో తమ భాషలో ఏదో చెప్పి, వచ్చినవారికి తెలుగులో ధర చెబుతుంది. బొంగు మూతి విప్పగానే ఆవిరి గుప్పున పైకి లేస్తుంది. తిన్నవారు వెదురు కమ్మదనాన్ని మెచ్చుకొంటారు, కోడిని మెచ్చుకొంటారు, చేతిలోని ఫోనుతో బొంగుకు ఛాయాచిత్రం తీసుకొంటారు. ఎప్పుడో ఒకరు "అమ్మా, మీ పేరేమిటి?" అని అడుగుతారు. ఆమె ఒక్క క్షణం ఆగి, తన పేరు చెప్పి, నిప్పులపై ఉన్న రెండో బొంగును ఇటు తిప్పుతుంది.