ఆఖరి క్రోమోజోముకు పట్టు దొరికేవరకు

డౌన్ సిండ్రోమ్ బిడ్డను ఒళ్ళో పెట్టుకొని తల్లి తలవంచుకు కూర్చుంటుంది. "గ్రహణం చూసింది డాక్టరుగారూ, వద్దంటే వినలేదు" అని పక్కనుంచి అత్తగారు చెబుతారు. ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసిన ఏళ్ళన్నిటా ఈ మాట విన్నాను. పాఠకులలోనూ కొందరు విని ఉంటారు. అసలు కారణం గ్రహించాలంటే కణవిభజన గురించి కొంత తెలియాలి.

మన కణంలో 46 క్రోమోజోములు. విభజనకు ముందు ప్రతిదానికీ ఒక నకలు తయారవుతుంది. ఆ జంటను కోహెసిన్ అనే ప్రోటీను ఉంగరంలా కలిపి ఉంచుతుంది. కణం రెండు కొసల నుంచి తంతువులు వచ్చి జంటను చెరోవైపు పట్టుకుంటాయి. ఈ అమరికకు మన పాఠ్యపుస్తకాలు 'కండె' అని పేరు పెట్టాయి. నేతగాళ్ళ మాట, చక్కగా కుదిరింది.

ఇక్కడి కాపలా ఆశ్చర్యకరమైనది. 45 జంటలు సిద్ధమైనా, ఒక్కదానికి పట్టు దొరకకపోతే అది 'ఆగు' అన్న సంకేతం పంపుతూనే ఉంటుంది. కణం ఆగుతుంది. ఆ సంకేతం నిలిచాకే ఒక ఎంజైము ఉంగరాలను తెంచుతుంది. ఈ కాపలా జన్యువులను 1991లో ఈస్టు కణాలలో గుర్తించారు. పెరటి బిళ్ళగన్నేరు నుంచి వచ్చే విన్‌క్రిస్టిన్ మందు ఈ తంతువులనే దెబ్బతీసి క్యాన్సరు కణాన్ని నడిమధ్యలో నిలిపివేస్తుంది.

అండం సంగతి వేరు. ఆడశిశువు తన తల్లి గర్భంలో ఉండగానే ఆమె అండాలలో విభజన మొదలై, మధ్యలో ఆగిపోతుంది. అది తిరిగి సాగేది అండం విడుదలయ్యే వేళ, అంటే పదిహేనేళ్ళకో నలభై ఏళ్ళకో. అన్నాళ్ళలో ఉంగరాలు వదులవుతాయి. పైగా అండంలో కాపలా అంత కట్టుదిట్టం కాదు. 21వ క్రోమోజోములు రెండూ ఒకేవైపు చేరితే, బిడ్డకు మూడు వస్తాయి. ఈ అదనపు క్రోమోజోమును 1959లో ఫ్రాన్సులో లెజ్యూన్ బృందం ప్రకటించింది.

పాతికేళ్ళ తల్లికి ఈ అవకాశం సుమారు 1,250లో ఒకటి, నలభైలో సుమారు 100లో ఒకటి. అయినా కాన్పులు చిన్న వయసులోనే ఎక్కువ కనుక, ఈ పిల్లలలో ఎక్కువమంది యువ తల్లుల బిడ్డలే. కొద్దిమందిలో అదనపు క్రోమోజోము తండ్రి నుంచి వస్తుంది. ఆ సంగతి అత్తగార్లకు నేను తప్పక చెప్పేవాణ్ణి!

ఇలాంటి బిడ్డ మీ ఇంట ఉంటే ముందుగా గుండెకు ఎకో తీయించండి. దాదాపు సగంమందిలో గుండె లోపాలుంటాయి. థైరాయిడ్, వినికిడి, చూపు పరీక్షలు వాయిదా వేయకండి. క్యారియోటైప్ పరీక్షలో 'ట్రాన్స్‌లొకేషన్' అని వస్తే, మరో కాన్పుకు ముందు తల్లిదండ్రులిద్దరూ పరీక్ష చేయించుకోవాలి.