చుక్క లేకపోతే చుట్టమేనా?

"అన్నా, పేరోల్ సైటు పేరు కొడితే పాస్‌వర్డ్ అడగట్లేదు. అదే సర్వరు ఐపీ కొడితే అడుగుతోంది. ఎందుకు?"

నేను పనిచేసిన ప్రతి ఆఫీసులోనూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇది. సర్వరు అదే, కేబులు అదే. మరి తేడా ఎక్కడ? చుక్కలో!

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ రోజుల నుంచీ విండోస్ డొమైన్‌లో చేరిన మెషీన్లలో నడుస్తున్న సూత్రం ఇది. పేరులో చుక్క లేకపోతే లోపలి సైటు, ఉంటే బయటిది. 10.1.2.3 పక్క గదిలోనే ఉన్నా సరే, చుక్కలున్నాయి కాబట్టి పరాయిదే. ఇవి కాక ప్రాక్సీ అక్కర్లేదని పెట్టిన సైట్లు, అడ్మిన్ స్వయంగా చేర్చినవి కూడా లోపలి లెక్కలోకే వస్తాయి.

ఇందులో ఏముంది అంటారా? లోపలిదని తేలితే చాలు, సర్వరు అడగ్గానే బ్రౌజరు మిమ్మల్ని అడక్కుండా మీ విండోస్ ఖాతాతో లాగిన్ చేసేస్తుంది. అంటే ఇదంతా ఎవరికి తలుపు తీయాలన్న విషయం.

ఆ సూత్రం ఎంత బలహీనమో 1998లోనే తేలింది. ఐపీ అడ్రసంటే నిజానికి 32 బిట్ల అంకె. చుక్కలు తీసేసి ఒకే పెద్ద సంఖ్యగా రాసినా సైటు తెరుచుకునేది. ఐఈ 4 దాన్ని చూసి "చుక్క లేదుగా, మనవాడే" అనుకుంది. ఎక్కడో బయటి సైటుకి ఇంట్రానెట్ మర్యాదలు! ఆ ఏడాది అక్టోబరులో మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చింది. చుక్కల్లేని డొమైన్లు బయట పుట్టకుండా ఐకాన్ 2013లో నిషేధం పెట్టింది.

ఐఈ 2022 జూన్‌లో రిటైరైంది కానీ సూత్రం కాలేదు. అడ్మిన్ వేరే పాలసీ పెట్టకపోతే విండోస్‌లో క్రోమ్, ఎడ్జ్ ఇప్పటికీ ఆ జోన్లనే అడుగుతాయి. ఫైర్‌ఫాక్స్ మాత్రం మామూలుగా జాబితాలో రాసిన సైట్లకే ఇలా లాగిన్ చేస్తుంది. నాకదే నచ్చుతుంది. పేరు పొట్టిగా ఉందని నమ్మడం కంటే, నమ్మదగినవేవో రాసిపెట్టుకోవడం మేలు కదా.

అయితే జాబితా రాసేటప్పుడూ బద్ధకం పనికిరాదు. చాలామంది కంపెనీ డొమైన్ ముందు ఒక స్టార్ పెట్టి చేతులు దులిపేసుకుంటారు. మార్కెటింగ్ వాళ్ళు బయటి వెండరు దగ్గర పెట్టిన సబ్‌డొమైన్ కూడా ఆ స్టార్ కిందకే వస్తుంది. మీ ఉద్యోగుల లాగిన్ వాడి సర్వరుకీ వెళ్ళొచ్చన్నమాట.

మీ ఆఫీసు జాబితాలో స్టార్లెన్ని ఉన్నాయో ఎప్పుడైనా చూశారా?