తిరుత్తణి పుట్టింటికి

మా అమ్మ పుట్టినది తిరుత్తణిలో. మా మోటారు బండి పుట్టినది తిరువళ్లూరులో. చెన్నపట్నం నుంచి తిరుపతి పోయే రోడ్డు మీద ఈ రెండు ఊళ్లూ ఒకదాని తరువాత ఒకటి తగులుతాయి. నడుమ దూరం సుమారు 40 కిలోమీటర్లు. ఆ 40 కిలోమీటర్లు పోవడానికి మొన్న మాకు ఒక రోజు పైన పట్టింది. ఎందుకు పట్టిందో, అందువల్ల నేను నేర్చుకొన్నదేమిటో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ముందు బండి సంగతి. అది మిత్సుబిషి పజేరో ఎస్‌ఎఫ్‌ఎక్స్. పేరు జపాను వారిదే గాని, అది తయారైనది తిరువళ్లూరు పక్కన అదిగత్తూరులో, హిందుస్తాన్ మోటార్స్ వారి కర్మాగారంలో. అక్కడ 1998లో లాన్సర్ కార్లు మొదలై, తరువాత పజేరోలు వచ్చాయి. ఆ రకం పజేరో 2012తో ఆగిపోయింది. ఆ కర్మాగారంలో ఈనాడు ఫ్రాన్సు దేశపు సిట్రోయెన్ కార్లు తయారవుతున్నాయి. మా బండికి 15 యేండ్లు నిండి, రిజిస్ట్రేషను మరి 5 యేండ్లకు పొడిగించుకొన్నాము. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి గనుక కొండలూ బురదలూ దానికొక లెక్క కాదని నలుగురిలో గొప్పగా చెప్పుకొనేవాణ్ణి.

అమ్మకు 80 దాటాయి. మోకాళ్ల నొప్పి. టాక్సీలలో పల్లంగా ఉండే సీటులో కూర్చుంటే మళ్లీ లేవలేదు. మా బండి ఎత్తు. చిన్న పీట వేస్తే దాని మీద కాలుపెట్టి ఎక్కి, కుర్చీలో కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంటుంది. అందుచేత ఆ బండి అంటే ఆమెకు ప్రీతి. అయితే కొన్ని నెలలుగా ఆ ప్రీతి సన్నగిల్లింది. రోడ్డుకు అడ్డంగా కట్టిన ప్రతి దిబ్బ దగ్గరా వెనుక నుంచి ‘దడ్’మని ఒక చప్పుడు. వేగం మీద పక్కకు తిప్పితే వెనుక భాగం ఒక్క క్షణం ఆలస్యంగా, ఎవరో తోసినట్లు జరిగేది. “నీ బండి ఎముకలు నా ఎముకలకు తగులుతున్నాయిరా” అనేది అమ్మ. రోడ్లు బాగాలేవమ్మా అని నేను సర్దిచెప్పేవాణ్ణి.

ఇంతలో తిరుత్తణి నుంచి మా మేనమామ కబురు చేశాడు. ఇల్లు అమ్మేశాడు. బెంగుళూరులో కూతురి దగ్గరకు పోతున్నాడు. శుక్రవారం సాయంకాలం తాళాలు కొన్నవారికి అప్పగించాలి. “అక్కా, ఒక్కసారి వచ్చి చూచిపో” అన్నాడు. గురువారం తెల్లవారుజామున బయలుదేరాము.

తిరువళ్లూరు పొలిమేరలో ఒక గుంట తప్పించబోయి స్టీరింగు తిప్పాను. బండి ముందు భాగం నా మాట విన్నది, వెనుక భాగం వినలేదు. ఎదురుగా లారీ. జానెడు సందులో తప్పుకొన్నాము. అమ్మ ఏమీ అనలేదు. ముందు సీటు వీపును రెండు చేతులా పట్టుకొని కూర్చుంది. రోడ్లు బాగాలేవన్న మాట ఈసారి నా నోటికి రాలేదు.

ఊరిలో విచారిస్తే, పాత పజేరోలు బాగుచేసే మేస్త్రీ ఒకాయన ఉన్నాడన్నారు. ఆయన షెడ్డు చేరేసరికి ఎనిమిది. బండిని గుంట మీద నిలబెట్టి, ఆయన ఒక పొడుగాటి ఇనుపకడ్డీ తీసుకొని కిందికి దిగాడు. ఒక్కొక్క కీలు దగ్గర కడ్డీ దూర్చి ఒత్తి చూచాడు. నన్ను కూడా దిగి చూడమన్నాడు. వెనుక ఇరుసు ముందుకూ వెనక్కూ పోకుండా రెండు పొడుగు కమ్మీలు పట్టి ఉంచుతాయి. పక్కలకు పోకుండా ఒక అడ్డకమ్మీ పట్టి ఉంచుతుంది. ఆయన కడ్డీ ఒత్తితే ఆ అడ్డకమ్మీ వేలెడంత కదిలింది. “బుష్షులు అన్నీ పోయిండాయి సార్. ఇట్లా పెద్దమ్మను కూర్చోబెట్టుకొని ఎట్లా వచ్చినారు?” అన్నాడు. నాకు తల ఎత్తుకోవడానికి లేకపోయింది.

బుష్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. బయట ఒక ఇనుప గొట్టం, లోపల మరొక ఇనుప గొట్టం, రెంటి నడుమ రబ్బరు. ఆ రబ్బరు రెండు గొట్టాలకూ అతికి ఉంటుంది. బయటి గొట్టం కమ్మీ కంటిలో బిర్రుగా కూర్చుంటుంది. లోపలి గొట్టంలో నుంచి బోల్టు దూరి, చట్రానికో ఇరుసుకో బిగుసుకొంటుంది. చక్రం లేచి పడినప్పుడల్లా కమ్మీ ఊగుతుంది. ఇనుము ఇనుము మీద రాసుకోకుండా ఆ ఊపంతా రబ్బరే మెలిపడి, మళ్లీ విప్పుకొని భరిస్తుంది. ఆ రబ్బరు చినిగితే ఇనుముకు ఇనుమే తగులుతుంది. అమ్మ ఎముకల మాట నూటికి నూరుపాళ్లూ నిజమన్నమాట.

“పోయిన యేడే మార్పించాను గదా!” అన్నాను. పట్నంలో ఒక వర్క్‌షాపులో కొత్తవి వేయించాను. ఆయన చినిగిన రబ్బరు చూపి, “సరుకు మంచిదే. బిగించినవాళ్లు బండిని గాలిలో ఉంచి బిగించినారు” అన్నాడు. బండిని పైకెత్తినప్పుడు ఇరుసు కిందికి వేలాడుతుంది, కమ్మీలు ఏటవాలుగా దిగి ఉంటాయి. ఆ స్థితిలో బోల్టు బిగిస్తే లోపలి గొట్టం అక్కడే స్థిరపడుతుంది. తీరా బండి నేల మీదికి దిగాక కమ్మీ పైకి లేస్తుంది, రబ్బరు మెలిపడుతుంది. ఇక బండి ఊరికే నిలబడి ఉన్నా ఆ రబ్బరుకు విశ్రాంతి లేదు. రాత్రింబవళ్లు మెలితిరిగే ఉండి, ఏడాది తిరగకుండా చినుగుతుంది. ఇంత చిన్న సంగతి నేనూ అడగలేదు, వారూ చెప్పలేదు.

మధ్యాహ్నానికి అవుతుందా అంటే, రేపు ఉదయమన్నాడు. అమ్మను టాక్సీలో పంపుతానన్నాను. “ఒక్క పూట ఆలస్యమైతే ఇల్లు ఎక్కడికీ పోదు. నీ బండి సరి కానియ్యి” అన్నది. మేస్త్రీ చెన్నైకి ఫోను చేశాడు. జనరల్ పేటర్స్ రోడ్డులో ఉన్న విడిభాగాల దుకాణం నుంచి కొత్త బుష్షులు తీసుకొని ఒక కుర్రవాడు లోకల్ రైలులో బయలుదేరాడు. పుదుప్పేటలో విప్పిన పాత సామాను చవకగా దొరుకుతుంది గదా అన్నాను. “తలుపో అద్దమో అయితే పాతది వేసుకోండి. రబ్బరుకు మాత్రం వయసు ఉండాది సార్” అన్నాడు. పాలీయురేథేను బుష్షులు గట్టివి అని విన్నానన్నాను. గట్టివే, మన్నుతాయి కూడానట. కాని అదురు ఎక్కువగా పైకి తెలుస్తుందనీ, పెద్దవారు కూర్చునే బండికి రబ్బరే మేలనీ అన్నాడు.

పాత బోల్టులు తుప్పుపట్టి లోపలి గొట్టాలకు కరుచుకొని ఉన్నాయి. వాటికి నూనె పట్టించి నానబెట్టి, ఈలోగా స్వామి దర్శనం చేసుకొని రమ్మన్నాడు.

తిరువళ్లూరు వీరరాఘవస్వామి కోవెల 108 దివ్యదేశాలలో ఒకటి. అహోబిల మఠం వారి ఆధ్వర్యంలో ఉన్నది. స్వామి శేషశయనం మీద పవళించి, కుడిచేయి శాలిహోత్ర మహర్షి తల మీద ఉంచి ఉంటాడు. స్వామి ముసలి బ్రాహ్మణుడై వచ్చి, మహర్షి పెట్టిన పిండి ఆరగించి, “పడుకోవడానికి చోటేది?” అని అడిగాడనీ, మహర్షి తన కుటీరమే చూపాడనీ స్థలపురాణం. ఆయనను వైద్య వీరరాఘవుడనీ పిలుస్తారు. రోగాలు కరిగిపోవాలని కోనేటిలో బెల్లం కరిగించడం ఇక్కడి ఆచారం. అమ్మ తన మోకాళ్లకొక ముక్క వేసి, మరొక ముక్క వేసింది. “ఇది ఎవరికి?” అన్నాను. “బండికి” అన్నది. నవ్వబోయి ఆగాను. గుర్రాల వైద్యానికి మన పెద్దలు పెట్టుకొన్న పేరు కూడా శాలిహోత్రమే గదా! బండికి వైద్యం చేయించడానికి ఊరు తప్పలేదనుకొన్నాను.

షెడ్డుకు తిరిగివచ్చేసరికి కమ్మీలు విప్పి ఉన్నాయి. వాటిని లేత్ షాపుకు తీసుకుపోయారు. అక్కడి ప్రెస్సు మీద పాత బుష్షులను ఒత్తి వెలికి తీశారు. కంటి లోపలి తుప్పు గీకి శుభ్రం చేశారు. కొత్తది ఎక్కించేటప్పుడు రబ్బరు మీద గాని లోపలి గొట్టం మీద గాని ఒత్తకూడదు, అతుకు ఊడుతుంది. బయటి గొట్టం అంచుకు సరిపడే ఇనుప కట్టు ఒకటి లేత్ మీద చెక్కి, దానిని ఆనించి మెల్లగా ఒత్తారు. అమ్మ కుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తూ, “కందెన పెట్టినావా నాయనా?” అని అడిగింది. ఎడ్లబండి ఇరుసు ఎరిగిన మనిషి. మేస్త్రీ నవ్వి, “దీనికి కందెన పనికిరాదు పెద్దమ్మా. నూనె తగిలితే రబ్బరు ఉబ్బి పోతాది. సబ్బునీళ్లు చాలు” అన్నాడు. ఆయన ఇంట్లో తెలుగు, చదివినది తమిళం. అమ్మకూ ఆయనకూ మాటలు కలిసి, నన్ను మరచిపోయారు.

రాత్రి ఊరిలోనే బస చేశాము. ఉదయం పోయేసరికి కమ్మీలన్నీ ఎక్కించి, బోల్టులు చేతి బిగింపుతో వదలి ఉన్నాయి. బండిని చక్రాల మీద దించి, గుంట మీదికి తోశారు. ఇద్దరు కుర్రవాళ్లు వెనుక భాగాన్ని నాలుగైదుసార్లు కిందికి నొక్కి వదిలారు. బండి తన బరువు తాను మోసుకొంటూ కుదురుగా నిలబడింది. అప్పుడు మేస్త్రీ గుంటలోకి దిగి, టార్క్ రెంచి పట్టుకొని, కంపెనీ పుస్తకంలో చెప్పిన అంకెకు ఒక్కొక్క బోల్టూ బిగించాడు. బరువు మోసే స్థితిలోనే రబ్బరు మెలి లేకుండా ఉండాలి, ఇదీ రహస్యం. చక్రాల వరుస కూడా సరిచూపించుకొని పది గంటలకు బయలుదేరాము. వంద కిలోమీటర్లు తిరిగాక బిగింపు మళ్లీ ఒకసారి చూపించుకొమ్మన్నాడు.

కనకమ్మసత్రం దాటేవరకూ అమ్మ మాట్లాడలేదు. రోడ్డు దిబ్బ వచ్చినప్పుడల్లా సీటు పట్టుకొని, చప్పుడు రాకపోయేసరికి చేయి తీసేది. నాలుగోసారికి పట్టుకోవడం మానివేసింది. అప్పుడు కబుర్లు మొదలుపెట్టింది.

తిరుత్తణి చరిత్ర మా అమ్మ చెప్పినంత తేలికగా పుస్తకాలు చెప్పవు. 1888లో సర్వేపల్లి రాధాకృష్ణన్ అక్కడి తెలుగు ఇంట పుట్టినప్పుడు అది ఉత్తర ఆర్కాటు జిల్లా. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడగా అందులో చేరింది. 1953లో ఆంధ్రరాష్ట్రంతోబాటు వెళ్లింది. ఆపైన సరిహద్దు తగాదా, ఉభయ పక్షాల ఊరేగింపులు, పటాస్కర్ గారి మధ్యవర్తిత్వం. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. బదులుగా తిరువళ్లూరు, పొన్నేరి తాలూకాలలోని కొన్ని గ్రామాలు ఆంధ్రకు వచ్చాయి. 1997 నుంచి తిరువళ్లూరు జిల్లా. “మేము ఉన్నచోటనే ఉన్నాము. కవరు మీద అడ్రసు రాయడమే మళ్లీ మళ్లీ నేర్చుకొన్నాము” అన్నది అమ్మ. అప్పుడామెకు 15వ యేడు. మా తాత ఆ వేసవిలో కూడా ఇరుగుపొరుగు తమిళుల ఇళ్లకు మామిడిపండ్ల గంప పంపడం మానలేదట.

ముందు కొండకు పోయాము. సుబ్రహ్మణ్యస్వామి కొండకు మెట్లు 365, ఏడాదికెన్ని రోజులో అన్ని. డిసెంబరు 31 రాత్రి ఆ మెట్లకు పూజ చేస్తూ ఎక్కుతారు. ముత్తుస్వామి దీక్షితులు మొదటి కృతి పాడినది ఈ సన్నిధిలోనే అని సంప్రదాయం. అమ్మ చిన్నతనంలో ఆ మెట్లు పరుగెత్తి ఎక్కిందట. ఇప్పుడు బండిలో, కొండ రోడ్డు మీద. మలుపులలో వెనుక చక్రాలు ముందు చక్రాల వెంట బుద్ధిగా వచ్చాయి.

మేనమామ ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం. సామాను లారీ కెక్కించి ఉన్నది. మరదలు, “వదినా, కూర్చోబెట్టడానికి కుర్చీ కూడా లేదు” అని కళ్లొత్తుకొంది. అమ్మ ఏడవలేదు. తెచ్చుకొన్న సంచిలో నుంచి పసుపు తీసి తడిపి, గోడ పట్టుకొని మెల్లగా నేల మీద కూర్చుని, వీధిగడపకు పసుపు పూసింది, కుంకుమ బొట్లు పెట్టింది. “ఒరే తమ్ముడూ, వాళ్లు వచ్చేసరికి గడప బోసిగా ఉండకూడదు” అన్నది. మామయ్య అటు తిరిగి నిలబడ్డాడు. కొన్నవారు తమిళులు, భార్యాభర్తలు. సాయంకాలం వారు వచ్చి, ఆ గడప చూచి, చెప్పులు వీధిలోనే విడిచి లోపలికి వచ్చారు.

బయలుదేరేటప్పుడు అమ్మ పెరట్లో కరివేపచెట్టు మొదట లేచిన పిలక ఒకటి మట్టితోసహా తీయించింది. పాత గిన్నెలో పెట్టుకొని, ఒళ్లో ఉంచుకొని కూర్చుంది. ఆ బండి అమ్మివేద్దామని గురువారం ఉదయం లారీ తప్పినప్పుడు నిశ్చయించుకొన్నాను. శుక్రవారం రాత్రి పట్నంలో ఇంటి ముందు ఆగి లైటు వేసి చూస్తే, అమ్మ చీర మీద చిటికెడు మట్టి కూడా ఒలికి లేదు. ఇక ఆ మాట ఎత్తలేదు.

పాత బండ్లూ, పెద్దవారూ ఉన్న ఇళ్లవారికి ఒక మనవి. వెనుక నుంచి చప్పుడు వస్తున్నదని పెద్దవారంటే, రోడ్డు మీద నెపం పెట్టకండి. బుష్షులు మార్పించేటప్పుడు, బండి నేల మీద నిలబడ్డాకనే బోల్టులు బిగించమని దగ్గర ఉండి చెప్పండి. కరివేపమొక్క చిగిర్చింది.