గళ్ళలో ఇరికించిన తెలుగు

మామిడి కోతలు మొదలైతే విస్సన్నపేటలో నాకు నా మొదటి వెబ్ పేజీ గుర్తొస్తుంది. బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, తోతాపురి: ఒక్కో కాయకి ఒక బొమ్మ, నాలుగు మాటలు. టేబుల్ గీసి, దాని గడిలో ఇంకో టేబుల్ పెట్టి సర్దాను. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో ముచ్చటగా కనిపించింది. ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే తెలుగు స్థానంలో అర్థంలేని గుర్తులు! ఎంత బాధేసిందో.

ఆ రోజుల్లో తెలుగు పత్రికల సైట్లలోనూ ఇదే కథ. ఎవరి ఫాంటు వాళ్ళది, లోపల ఉన్నది యూనికోడ్ కాదు. పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. తెలుగువాళ్ళకి అది చేసిన మేలు చిన్నది కాదు.

యూనికోడ్‌కి మారాక కూడా ఒక చిక్కు మిగిలింది. ‘రాష్ట్రం’ అని రాస్తే వత్తులు కిందికి దిగి, తరవాతి వరసలోని గుడుల్ని తాకేవి. ఇంగ్లిషుకి సరిపోయే వరస ఎత్తు మనకి చాలదు. గడిగడికీ వెళ్ళి దిద్దుతూ అలిసిపోయాను. పేజీ రూపాన్ని దిద్దే సీఎస్ఎస్ నేర్చుకున్నాక ‘లైన్-హైట్: 1.7’ అని ఒక్కచోట రాస్తే పేజీ అంతా ఊపిరి పీల్చుకుంది. సీఎస్ఎస్ తొలి ప్రమాణం 1996 డిసెంబరులోనే వచ్చింది. బ్రౌజర్లన్నీ దాన్ని ఒకేలా పాటించడానికే ఏళ్ళు పట్టింది. 2017లో సీఎస్ఎస్‌లోకి గ్రిడ్ వచ్చాక, అడ్డంగా నిలువుగా సర్దడానికి టేబుల్ అవసరమే తీరిపోయింది.

గుణింతాన్ని మాత్రం నేటికీ టేబుల్‌లోనే పెడతాను. ‘క’ వరస అడ్డంగా, ఏత్వం నిలువుగా చదవాలి కదా.